ప్రసంగాలూ స్మారకాలూ అమెరికాను కలిపాయా, హక్కుల్ని వెనక్కి నెట్టాయా?

శిలాక్షరం:

జాతి సమైక్యత కోసం కట్టిన స్మారకాలు పౌరహక్కులకు మేలు చేశాయా, కీడు చేశాయా అన్నది ఈ చర్చ. నా వాదన ముందే చెప్పేస్తాను. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం తర్వాత అమెరికాలో సమైక్యత పేరుతో లేచిన కట్టడాల్లో చాలావాటికి మూల్యం చెల్లించింది నల్లజాతి వారే.

లింకన్ స్మారకాన్నే చూడండి. 1922 మే 30న వాషింగ్టన్‌లో ప్రారంభించారు. చుట్టూ ఉన్న 36 స్తంభాలు లింకన్ చనిపోయేనాటికి ఉన్న రాష్ట్రాల లెక్క. విడిపోయి యుద్ధానికి దిగిన రాష్ట్రాలూ అందులోనే ఉన్నాయి. రాళ్లు కూడా అలాగే ఏరి తెప్పించారు: బయటి పాలరాయి కొలరాడోది, లోపలి గోడల సున్నపురాయి ఇండియానాది, పైకప్పు పాలరాయి అలబామాది, విగ్రహానికి వాడిన 28 దిమ్మలు జార్జియావి. ఇంత జాగ్రత్తగా ఉత్తరాన్నీ దక్షిణాన్నీ ఒక్క కప్పు కిందికి తెచ్చినవాళ్లు విగ్రహం వెనక గోడ మీద ఏం చెక్కించారు? లింకన్ సమాఖ్యను, అంటే రాష్ట్రాల కలయికను, కాపాడాడని. బానిసత్వం ఊసే లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు అది. ఆ వాక్యం రాసిన రాయల్ కోర్టిసోజ్ ఆ కట్టడం శిల్పి హెన్రీ బేకన్‌కు ఉత్తరంలో కారణం విడమరిచి చెప్పారు: సమాఖ్యను కాపాడాడంటే రెండు ప్రాంతాలకూ నచ్చుతుంది, బానిసత్వం మాట ఎత్తకపోతే పాత పుండ్లు రేపినట్టు ఉండదు.

ప్రారంభోత్సవం ఇంకా దారుణం. నల్లజాతి ప్రేక్షకుల్ని తాడు కట్టి వేరుచేసిన చోట కూర్చోబెట్టారు. కొందరు అక్కడికక్కడే లేచి వెళ్లిపోయారు. వేదిక మీద మాట్లాడిన నల్లజాతి వక్త టస్కీగీ విద్యాసంస్థ అధిపతి రాబర్ట్ మోటన్. లింకన్ దేనికోసం చనిపోయారో దాన్ని నిజం చేయకపోతే ఈ కట్టడం వట్టి బూటకమేనన్న మాట ఆయన ముసాయిదాలో ఉంది. స్మారక సంఘం అధ్యక్షుడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ ఆ ప్రసంగాన్ని కుదించి మార్చమన్నారు. ఆ మాట వేదిక మీద వినిపించలేదు.

సమైక్యతకు కట్టిన గుడిలో సమానత్వం అడిగే నోరు నొక్కేశారు. దీన్ని మేలు అని ఎలా అంటాం?


గొంతుక:

శిలాక్షరం గారూ, మీరు చెప్పిన ప్రతి వాస్తవాన్నీ ఒప్పుకుంటాను. తీర్మానం మాత్రం ఒప్పుకోలేను. వెనక గోడ గురించి చెప్పి దక్షిణపు గోడను వదిలేశారు.

దక్షిణపు గోడ మీద లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం మొత్తం ఉంది. 1863 నవంబర్ 19న అక్కడి యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానవాటికను అంకితం చేస్తూ చేసినది. సుమారు 270 మాటలు, రెండు నిమిషాలు. ఆ రోజు ప్రధాన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్, ఆయన రెండు గంటలు మాట్లాడారు. లింకన్‌ను పిలిచిన ఉత్తరంలో అడిగింది సందర్భానికి తగిన నాలుగు మాటలే. ఆ కాస్త చోటులో లింకన్ చేసిన పని, దేశం పుట్టిన తేదీని మార్చడం. ఎనభై ఏడేళ్ల కిందట అని మొదలుపెట్టారు. 1863లోంచి 87 తీసేస్తే 1776. అంటే బానిసత్వంతో రాజీపడిన 1787 నాటి రాజ్యాంగం కాదు, మనుషులంతా సమానమన్న స్వాతంత్ర్య ప్రకటన. దేశానికి పునాది ఇదీ అని అధ్యక్షుడే ప్రకటించాక, ఆ పునాదిని చూపించి హక్కు అడగడానికి దారి దొరికింది.

ఉత్తరపు గోడ మీద 1865 మార్చి 4 నాటి రెండో పదవీ స్వీకార ప్రసంగం ఉంది. యుద్ధానికి మూలం బానిసత్వమేనని అందులో సూటిగా ఉంది. కోర్టిసోజ్ వాక్యం దాచినదాన్ని పక్కగోడ బయటపెడుతూనే ఉంది.

అందుకే 1939 ఏప్రిల్ 9న గాయని మేరియన్ ఆండర్సన్ అక్కడ పాడగలిగారు. కాన్‌స్టిట్యూషన్ హాలు యజమానులైన మహిళా సంఘం నల్లజాతి కళాకారిణికి హాలు ఇవ్వనంది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేశారు. అంతర్గత వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇకీస్ స్మారకం మెట్లను వేదికగా ఇచ్చారు. 75 వేల మంది వచ్చారు, రేడియోలో దేశమంతా విన్నది. 1922లో తాడు కట్టిన స్థలంలోనే 1939లో అందరూ కలిసి నిలబడ్డారు. కట్టినవాళ్ల ఉద్దేశం ఒకటి, వాడుకున్నవాళ్లు దానికి ఇచ్చిన అర్థం మరొకటి. నా దృష్టిలో లెక్కలోకి వచ్చేది రెండోదే.


పౌరశాస్త్రం:

ఇద్దరూ రాళ్ల గురించీ మాటల గురించీ మాట్లాడుతున్నారు. హక్కు వచ్చేది చట్టంతో, అది అమలైతేనే. తేదీలు వరసగా పెట్టి చూద్దాం.

1963 ఆగస్టు 28: లింకన్ స్మారకం దగ్గర రెండున్నర లక్షల మంది, పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం. సెప్టెంబర్ 15: బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు, నలుగురు బాలికలు చనిపోయారు. నవంబర్ 22: అధ్యక్షుడు కెన్నెడీ హత్య. 1964 ఫిబ్రవరి 10: ప్రతినిధుల సభలో పౌరహక్కుల బిల్లు 290-130తో నెగ్గింది. ఆ తర్వాత సెనేట్‌లో దక్షిణాది సభ్యుల ఫిలిబస్టర్, అంటే ఓటింగు జరగనివ్వకుండా ఉపన్యాసాలు సాగదీయడం. దాన్ని ఆపాలంటే అప్పట్లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాల్సి ఉండేది. జూన్ 10న 71-29తో ఆపగలిగారు. పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ను అలా ఓడించడం అదే మొదటిసారి. జులై 2న కొత్త అధ్యక్షుడు జాన్సన్ సంతకం.

ఈ వరసలో ప్రసంగం ఒక మెట్టు మాత్రమే. రిపబ్లికన్ నాయకుడు డిర్క్సెన్‌తో వారాల తరబడి ఒక్కో నిబంధన మీద బేరాలు జరగకపోతే ఆ 71 ఓట్లు లేవు. ఆ బేరాలు చేసినవాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు. పైగా ఈరోజు అందరూ మెచ్చుకునే ప్రసంగం అప్పట్లో దేశాన్ని ఏకం చేసిందనుకోవడం పొరపాటు. మూడేళ్ల తర్వాత, 1966లో గ్యాలప్ సర్వే చేస్తే కింగ్ మీద సదభిప్రాయం లేదన్నవారు 63 శాతం. ఏకాభిప్రాయం ఆయన పోయాక వచ్చింది, అదీ ఆయన డిమాండ్లు పక్కన పెట్టాక.


మలుపు:

పౌరశాస్త్రం గారి చివరి మాటకు ఇంకొంచెం జోడిస్తాను. ఆ రోజు కార్యక్రమం పూర్తి పేరు ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ యాత్ర. ముందు వచ్చింది ఉద్యోగాలే. డిమాండ్ల పత్రంలో పది అంశాలు ఉన్నాయి. కనీస వేతనం గంటకు 2 డాలర్లు చేయాలన్నది అందులో ఒకటి. అప్పటికి సమాఖ్య కనీస వేతనం 1.15 డాలర్లు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే సమాఖ్య చట్టం కావాలన్నది మరొకటి. కెన్నెడీ ప్రభుత్వం పంపిన మొదటి ముసాయిదాలో ప్రైవేటు ఉద్యోగాల మీద అలాంటి నిషేధం లేదు. యాత్ర జరిగిన తర్వాత ఆ శరదృతువులోనే ప్రతినిధుల సభ కమిటీలో దాన్ని చేర్చారు. చట్టంలో ఏడో భాగం అదే. ఈ ఘనత యాత్రదా, ప్రసంగానిదా అని విడగొట్టలేం. యాత్ర లెక్కలోకి రాదని మాత్రం అనలేం.

ఒక్క గొంతు రెండున్నర లక్షల మందికి చేరడం వెనక ఎంత పని ఉందో కూడా చూడాలి. యాత్ర ఆలోచన ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ది, నడిపించింది బేయార్డ్ రస్టిన్. సుమారు రెండు నెలల వ్యవధి. రస్టిన్ పట్టుబట్టింది మైకుల వ్యవస్థ గురించి. వినపడని జనం కదులుతారు, కదిలే జనంలో తోపులాట వస్తుంది, తోపులాట వస్తే మర్నాటి పత్రికల్లో అదే వార్త అవుతుంది. అందుకే స్మారకం ముందున్న చెరువు పొడవునా వినిపించే ఖరీదైన పరికరాలు తెప్పించారు. ముందురోజు రాత్రి ఎవరో దాన్ని పాడుచేశారు. సైన్యానికి చెందిన సిగ్నల్ విభాగం వచ్చి రాత్రికి రాత్రి బాగుచేసింది. ఆగస్టు ఎండలో చెడిపోయే తిండి తేవద్దని నిర్వాహకుల కరపత్రంలో ఉంది. న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో స్వచ్ఛంద సేవకులు 80 వేల భోజనం డబ్బాలు కట్టారు. ఇదంతా లేకపోతే ప్రసంగం ముందు వరసల వారికే వినపడేది.


గొంతుక:

నిజమే. కానీ అదే రోజు ఇంకో విషయం జరిగింది, అది శిలాక్షరం గారి వాదనకే బలం ఇస్తుంది. నా వైపు లేకపోయినా చెప్పాలి. విద్యార్థి నాయకుడు జాన్ లూయిస్ ముసాయిదాలో ప్రభుత్వ బిల్లును మనస్ఫూర్తిగా సమర్థించలేమని ఉంది. అంతర్యుద్ధంలో దక్షిణాదిని ధ్వంసం చేస్తూ సాగిన ఉత్తరాది సేనాపతి షెర్మన్ సేనలా దక్షిణాది గుండెల్లోంచి నడిచి వెళ్తామని ఉంది. ఆర్చిబిషప్ ఓబాయిల్ అలా అయితే వేదిక ఎక్కనన్నారు. చివరి నిమిషంలో లింకన్ విగ్రహం వెనకే కూర్చుని ఆ వాక్యాలు మార్చారు. బిల్లును గట్టి సందేహాలతో సమర్థిస్తున్నాం అన్నది చివరికి వినిపించిన మాట. లూయిస్ వయసు అప్పుడు 23. రాండాల్ఫ్ ఈ రోజు కోసం రెండు దశాబ్దాలకు పైగా ఎదురుచూశానని బతిమాలాక ఒప్పుకున్నారు.

తేడా ఎక్కడుందంటే, 1922లో మోటన్ మాటలు తీయించింది ఆయన్ని గౌరవంగా కూర్చోనివ్వని అధికారులు. 1963లో మార్పు కోరింది పొత్తును నిలబెట్టుకోవాలనుకున్న సహచరులు. రెండూ కత్తిరింపులే అయినా ఒకే గాటన కట్టకూడదు.

ఇక ప్రసంగానికీ చట్టానికీ సంబంధం లేదనేవారికి 1965 చూపిస్తాను. మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసులు ఓటుహక్కు ఊరేగింపును చితకబాదారు. మార్చి 15న అధ్యక్షుడు జాన్సన్ ఉభయసభల ముందు నిలబడి ఉద్యమకారుల పాటలోని మాటనే తన నోట పలికారు. మార్చి 17న బిల్లు కాంగ్రెస్‌కు చేరింది. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం. అక్కడ ప్రసంగం అలంకారం కాదు, ప్రభుత్వం వెనక్కి తగ్గలేని హామీ. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతి వారు 1965లో 6.7 శాతం, 1967కల్లా 59.8 శాతం.


పౌరశాస్త్రం:

ఆ పెరుగుదల ప్రసంగం వల్ల కాదు. అక్షరాస్యత పరీక్షలు రద్దు చేయడం, సమాఖ్య అధికారుల్ని నేరుగా జిల్లాలకు పంపి ఓటర్లను నమోదు చేయించడం, ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలనే షరతు, ఈ మూడూ కలిసి తెచ్చాయి. మూడోది ఏయే ప్రాంతాలకు వర్తించాలో తేల్చే సూత్రాన్ని 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో ముందస్తు అనుమతి ఆగిపోయింది. అప్పటికి రెండేళ్లే, కింగ్ విగ్రహం జాతీయ ఉద్యానంలో వెలిసి. విగ్రహం నిలబడే ఉంది, ఆయన సాధించిన రక్షణ పోయింది. నా భయం ఇదే. స్మారకం ఉంది కదా అని పని పూర్తయిందనుకుంటారు.


పాదసూచిక:

కింగ్ స్మారకం ప్రస్తావన వచ్చింది కాబట్టి, ప్రసంగాన్ని రాతికి ఎక్కించేటప్పుడు ఏం తప్పుతుందో చెప్తాను. ఎవరైనా స్మారకం పెట్టదలిస్తే పనికొస్తుంది.

2011లో తెరిచిన ఆ స్మారకంలో 30 అడుగుల శిల ఉంది. ఒక పక్కన, తాను న్యాయానికీ శాంతికీ ధర్మానికీ డోలు పట్టి ముందు నడిచినవాణ్ణి అని కింగ్ చెప్పుకున్నట్టు చెక్కారు. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలో ఆయన అన్నది అది కాదు. పేరు కోసం ముందు నడవాలనే ఆశను విమర్శిస్తూ, మీరు నన్ను అలా అనదలిస్తే న్యాయం కోసం ముందు నడిచాడని అనండి అన్నారు. అనదలిస్తే అన్న షరతు ఎగిరిపోవడంతో వినయం కాస్తా గొప్పలు చెప్పుకోవడంగా మారింది. మాయా ఆంజెలో గట్టిగా అభ్యంతరం చెప్పారు. కారణం మామూలుది: ఏ వాక్యం ఏ పక్కన ఉండాలో నిర్మాణం మధ్యలో మార్చారు, మిగిలిన చోటు పూర్తి వాక్యానికి చాలలేదు, కుదించారు. సరిదిద్దాల్సి వచ్చేసరికి ఆ రాతి భాగాన్ని కోసి కొత్తది అతికిస్తే శిల బలానికే ముప్పని తేలింది. చివరికి 2013లో శిల్పి లే యిషిన్ చేతనే అక్షరాల మీద గీతలు చెక్కించి చెరిపేశారు. పూర్తి వాక్యం ఇప్పటికీ అక్కడికి రాలేదు.

లింకన్ స్మారకం ఉత్తరపు గోడ మీద కూడా భవిష్యత్తు అనే అర్థమున్న ఆంగ్ల మాటలో ఎఫ్ బదులు ఈ చెక్కారు. కింది గీతను పూడ్చారుగానీ పరిశీలించి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. రాయి మీద అచ్చుతప్పు అంత తేలిగ్గా పోదు.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. మొదట ఏ ప్రతి తీసుకుంటున్నారో తేల్చుకోండి. గెటిస్‌బర్గ్ ప్రసంగానికే లింకన్ చేతిరాతలో ఐదు ప్రతులున్నాయి. మొదటి రెండింటిలో దేవుడి ప్రస్తావన లేదు, తర్వాతి వాటిలో ఉంది. అక్కడున్న విలేకరులు పంపిన వార్తల్లోనూ ఉంది. రెండోది, వాక్యానికి ముందూ వెనకా ఉన్న పేరా చదివి, విడిగా తీస్తే అర్థం తిరగబడుతుందేమో చూడండి. మూడోది, వాక్యం తేలాకే రాయి కొలత తేల్చండి. కొలతకు సరిపడేలా వాక్యాన్ని కోయకండి. నాలుగోది, చెక్కే ముందు నిలువెత్తు కాగితపు నమూనాను ఆ విషయం తెలిసిన బయటివారి చేత అక్షరం అక్షరం చదివించండి.

ఇదే తప్పు రాయి లేకుండా కూడా జరుగుతోంది. 1963 ప్రసంగం మొదటి సగంలో కింగ్ చెప్పింది చెల్లని చెక్కు గురించి. దేశం నల్లజాతి పౌరులకు రాసిచ్చిన ప్రామిసరీ నోటును చెల్లించలేదు, ఖాతాలో డబ్బు లేదని తిప్పి పంపింది అని. కల గురించిన భాగం ముందే రాసుకున్న ప్రతిలో లేదు. గాయని మహేలియా జాక్సన్ ఆ కల గురించి చెప్పమని వెనకనుంచి అరిచారు, ఆయన కాగితం పక్కన పెట్టారు. బడుల్లో వినిపించేది ఆ రెండో సగమే. బాకీ సంగతి తెలియని పిల్లలకు కల మాత్రం తెలుసు.


శిలాక్షరం:

పాదసూచిక గారు చెప్పిన ఆ ఎంపికే నా ఫిర్యాదు. ఇది 1963తో మొదలైంది కాదు. 1913లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి యాభై ఏళ్లయిన సందర్భంగా రెండు పక్షాల మాజీ సైనికులు 50 వేల మందికి పైగా అక్కడ కలిశారు. అధ్యక్షుడు విల్సన్ జులై 4న ప్రసంగించి పాత తగాదా మరిచిపోయామన్నారు. ఆ తగాదా దేని గురించో చెప్పలేదు. అదే ఏడాది ఆయన ప్రభుత్వ శాఖల్లో నల్లజాతి ఉద్యోగుల్ని వేరుచేసి కూర్చోబెట్టడం మొదలైంది. చేతులు కలిపినవాళ్లు తెల్లవారు, వెలి పడినవాళ్లు నల్లవారు.


మలుపు:

విల్సన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే సమైక్యతను ఎత్తుకున్న ప్రతి స్మారక సభా అలా కాలేదు. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్ లింకన్ పార్కులో ప్రారంభమైన విమోచన స్మారకం చూడండి. డబ్బు ఇచ్చింది విముక్తులైన నల్లజాతి వారు. మొదటి 5 డాలర్లు షార్లట్ స్కాట్ అనే మహిళవి. నమూనా ఖరారు చేసింది మాత్రం తెల్లవారి సంస్థ. ఫలితం: నిలబడ్డ లింకన్, ఆయన ముందు మోకాలి మీద ఉన్న విముక్తుడు. చందాదారులకు నమూనా మీద ఓటు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ సభలోనే, ఒకప్పుడు బానిసగా బతికి బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్, అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట, లింకన్ ప్రధానంగా తెల్లవారి అధ్యక్షుడేనన్నారు. బానిసత్వ వ్యతిరేకుల కొలమానంతో చూస్తే ఆయన నెమ్మది, ఉదాసీనుడు, దేశ ప్రజల మనోభావాల కొలమానంతో చూస్తే చురుకైనవాడు, దృఢచిత్తుడు అన్నారు. పొగడ్తకు పిలిచిన వేదిక మీద అంత సమతూకంగా నిజం చెప్పిన ప్రసంగం నాకు మరొకటి కనిపించదు. కొద్దిరోజులకు పత్రికకు ఉత్తరం రాసి, మోకాళ్ల మీద కాకుండా మనిషిలా నిటారుగా నిలబడ్డ నల్లజాతి వ్యక్తి విగ్రహం చూడాలని ఉందన్నారు. 1974లో అదే పార్కులో విద్యావేత్త మేరీ మెక్‌లియోడ్ బెతూన్ విగ్రహం పెట్టి, లింకన్ విగ్రహాన్ని ఆమెకు ఎదురుగా ఉండేలా తిప్పారు. బోస్టన్‌లోని నకలును మాత్రం 2020 డిసెంబర్‌లో తీసేశారు. ఒకే శిల్పానికి రెండు పరిష్కారాలు. నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను, డగ్లస్ అడిగింది కూల్చమని కాదు, చాలనిదానికి తోడు చేర్చమని.


శిలాక్షరం:

తోడు చేర్చడం అన్నిచోట్లా కుదరదు. జార్జియాలోని స్టోన్ మౌంటెన్ అనే కొండ మీద అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది పక్షపు నాయకులు డేవిస్, లీ, జాక్సన్‌ల బొమ్మలు 90 అడుగుల ఎత్తు, 190 అడుగుల వెడల్పున ఉన్నాయి. తెల్లజాతి ఆధిపత్య ముఠా కు క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని 1954లో తీర్పు వచ్చిన నాలుగేళ్లకు, 1958లో రాష్ట్రం ఆ కొండను కొన్నది. చెక్కడం 1972లో ముగిసింది, అంటే ఓటుహక్కు చట్టం వచ్చిన ఏడేళ్లకు. కింగ్ 1963లో స్వేచ్ఛ మోగాలని పేరుపెట్టి పిలిచిన కొండల్లో అది ఒకటి. ఆయన పిలిచాక కూడా పని ఆపలేదు, పూర్తి చేశారు. దాని పక్కన ఏ విగ్రహం పెడితే సరితూగుతుంది?


మలుపు:

విగ్రహంతో విగ్రహానికి సమాధానం చెప్పాలని లేదు. అలబామాలోని మాంట్‌గామరీలో 2018 ఏప్రిల్‌లో తెరిచిన స్మారకంలో 800కు పైగా ఉక్కు దిమ్మలు వేలాడుతుంటాయి. మూకలు చంపిన వారి పేర్లు కౌంటీల వారీగా, అంటే జిల్లాల వారీగా, వాటి మీద ఉంటాయి. ప్రతి దిమ్మకూ ఒక నకలు బయట పడుకోబెట్టి ఉంటుంది, ఆ కౌంటీవారు వచ్చి తీసుకెళ్లి తమ ఊళ్లో నిలబెట్టుకోవాలని. తీసుకెళ్లనిదెవరో కూడా అక్కడే కనిపిస్తుంది. సమైక్యత అంటే ఒప్పుకోవడంతో మొదలవాలని దాని నిర్మాణమే అడుగుతోంది.

స్టోన్ మౌంటెన్ విషయంలో మాత్రం నా దగ్గర అంత తేలిక జవాబు లేదు. బొమ్మల్ని మార్చకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. ముందు శాసనసభలో ఆ నిబంధన మారాలి.


పౌరశాస్త్రం:

శాసనసభ మారాలంటే ఓటర్ల జాబితాలు, నియోజకవర్గాల గీతలు మారాలి. అందుకే 2013 తీర్పు తర్వాత కాంగ్రెస్ కొత్త సూత్రం రాయకపోవడం నన్ను విగ్రహాలకంటే ఎక్కువ బాధిస్తుంది. తీర్పు కొట్టేసింది పాత లెక్కల మీద నడిచే సూత్రాన్నే, ముందస్తు అనుమతి అనే పద్ధతిని కాదు. కొత్త సూత్రం రాసుకునే వీలు కాంగ్రెస్‌కు మిగిల్చింది. ఆ బిల్లు కోసం మెట్ల మీద ఎవరైనా ప్రసంగిస్తే గొంతుక గారితో పాటు నేనూ వింటాను. కానీ ప్రసంగం పూర్తయ్యాక సెనేట్‌లో ఎన్ని ఓట్లున్నాయో కూడా అడుగుతాను.


గొంతుక:

అడగాలి. 1963లోనూ అదే చేశారు. ఆ రోజు ఉదయం యాత్ర నాయకులు వెళ్లింది కాంగ్రెస్ సభ్యులను కలవడానికి, సాయంత్రం వెళ్లింది అధ్యక్షుడి దగ్గరకు. ప్రసంగం ఆ రెండింటి మధ్య జరిగింది. పత్రికల్లో బొమ్మ పడింది మధ్యలోదానికి కాబట్టి అదొక్కటే జరిగిందనుకుంటున్నాం.